ప్రభుత్వ తామర

దురద మనిషిది కాదు, ప్రభుత్వానిది. ఈ సత్యం తెలియక మన పూర్వులు కొన్ని వందల ఏళ్ళపాటు ఎవరి ఒళ్ళు వాళ్ళే గోక్కున్నారు. ఆ అరాచకం 1957లో అంతమైంది.

అంతమైన చోటు పెనుకొండ. అక్కడ కొండవాలులో, బండల మధ్య ఒక దోన, అంటే రాతిగుంట, ఉంది. గంధకం కంపు కొట్టే ఊటనీళ్ళు అందులో ఎండాకాలం కూడా తగ్గవు. గజ్జి, చిడుము, తామర, ఏది వచ్చినా జనం వెళ్ళి మూడు వారాలు మునిగేవారు. మానితే ఇంటికి పోయేవారు, మానకపోతే ఇంకో వారం మునిగేవారు. పేరు గజ్జిదోన. రిజిస్టరు లేదు, దరఖాస్తు లేదు. ఎంతమందికి నయమైందో ఎక్కడా రాసి లేదు కనుక, ప్రభుత్వ దృష్టిలో ఎవరికీ నయం కాలేదు.

ఇంతలో ఒక పెద్ద అధికారి ఇంగ్లీషు పుస్తకంలో చదివాడు. యూరపు దేశాల్లో పూర్వం రాజులూ రాణులూ చర్మరోగాలకు ఇలాంటి కంపునీళ్ళలోనే మెడదాకా కూర్చునేవారట. వైద్యుడు గడియారం పట్టుకుని ఒడ్డున నిలబడేవాడట. స్నానమయ్యాక అవే నీళ్ళు గ్లాసుల్లో తాగేవారట (అవే నీళ్ళా, వేరేవా అన్నది పుస్తకంలో స్పష్టంగా లేదు). చూస్తే మన దగ్గర నీళ్ళున్నాయి, కంపుంది, గజ్జికి కొదవే లేదు. లేనిదల్లా ఆఫీసు. ఆర్నెల్లలో ఆ లోటు తీరింది. గజ్జిదోన 'ప్రభుత్వ చర్మారోగ్య జలచికిత్సా కేంద్రం' అయింది. చుట్టూ ముళ్ళకంచె వేసి, గేటు పెట్టి, గేటుకు కొండప్ప అనే వాచ్‌మన్‌ను పెట్టారు.

నీళ్ళు పెనుకొండలో ఉన్నాయి కనుక ఆఫీసు హిందూపురంలో పెట్టారు. ధర్మవరం వైపు నుంచి వచ్చే రోగి రైల్లో పెనుకొండ దాటిపోయి, హిందూపురంలో అనుమతి తీసుకుని, మళ్ళీ వెనక్కి రావాలి. (పోయేటప్పుడు కిటికీలోంచి కొండను చూసుకోవచ్చు. దీనికి అనుమతి అక్కర్లేదు.)

నిబంధనలు ముప్ఫై ఆరు. నాలుగో నిబంధన ప్రకారం చర్మవ్యాధి ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ తేవాలి. ఐదో నిబంధన ప్రకారం, నీళ్ళు పాడుకాకుండా, చర్మవ్యాధి లేనట్టు కూడా తేవాలి. రెండూ ఒకే డాక్టరు ఇవ్వరాదు. అర్జీదారు ఆఫీసు ఆవరణలో గోక్కోరాదు. గోక్కోకుండా ఉండగలిగితే వ్యాధి ఉందా అన్నది అనుమానించాలి.

ఆ ఆఫీసు మెట్ల పక్కన రేకుపెట్టె ముందేసుకుని అర్జీలు రాసేవాణ్ణి నేనే, రామాంజినేయులును. జరిగినదాంట్లో నా తప్పు కూడా ఉంది. అందుకే చెబుతున్నాను.

1959 వేసవిలో ధర్మవరం నుంచి ఉలిగమ్మ అనే ఆవిడ వచ్చింది. పట్టుమగ్గాల దగ్గర అతుకులు వేసే పని ఆవిడది. అంటే మగ్గం మీద అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగును ఒక్కొక్క పోగే వేళ్ళతో మెలిపెట్టి అతకాలి. ఒక్కో పడుగులో వేల పోగులుంటాయి.

"చూడన్నా," అని రెండు చేతులూ చాపింది. వేళ్ళ సందులన్నీ ఎర్రగా పగిలి, పొలుసులు లేచి ఉన్నాయి. "సోడానీళ్ళల్లో పట్టు ఉడకేసి ఉడకేసి ఇట్లయినాయి. ఆ పని ఇడ్సిపెట్టినా మానలేదు. అతికేటప్పుడు పోగు తగులుకుంటాది, తెగిపోతాది. శ్రావణమాసం లోపల చేతులు నున్నగ కాకుంటే ఇంకొకర్ని పెట్టుకుంటానని మగ్గాల కదిరప్ప చెప్పినాడు. నాకు ఈ పని తప్ప ఇంగేమొచ్చు?"

 జాలిపడి, ఆవిడ అర్జీ మామూలుకన్నా అందంగా రాద్దామనుకున్నాను. గజ్జి అని రాస్తే ఆఫీసువాళ్ళు ముక్కు మూసుకుంటారని, 'నా రెండు చేతులయందు తామర కలదు. దానిని పెనుకొండ దోననీటిలో ముంచుటకు అనుమతి దయచేయ ప్రార్థన' అని రాశాను.

అర్జీలను ఇంగ్లీషులోకి మార్చే ఉద్యోగి జయరాముడు. కావ్యాలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఆయన చదివిన కావ్యాల్లో ఎవరికీ చర్మవ్యాధి రాలేదు. తామర అంటే ఆయనకు పద్మమే. 'అర్జీదారు చేతులలో పద్మములున్నవి, వాటిని నీట వేయ కోరుచున్నది' అని చక్కటి ఇంగ్లీషులో రాసి పైకి పంపాడు. స్పెషల్ ఆఫీసరు (తెలుగు రానివాడు, అందుకే తెలుగు జిల్లాకు వేశారు) చాలా సంతోషించాడు. కేంద్రానికి పూల అందం కూడా కావాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది. వెంటనే విచారణ జరపమన్నాడు.

విచారణ జరిపింది గుమాస్తా ఆంజనప్ప. పంతొమ్మిదో నిబంధన ప్రకారం విచారణ నోటిమాటగా జరగాలి, గుమాస్తా కాగితం మీదనుంచి తల ఎత్తరాదు.

"తామర ఏ రంగు?"

"ఎర్రగుండాది సామీ."

"ఎంతమేర?"

"రెండు చేతులకూ. ఏళ్ళ సందుల్లో కూడా వస్తాండాది."

'విస్తారముగా వ్యాపించును' అని ఆంజనప్ప రాసుకున్నాడు.

"ఎండ తగిలితే?"

"ఇచ్చుకుంటాది సామీ."

'సూర్యరశ్మికి వికసించును.'

"నీళ్ళల్లో పెడితే?"

"పానానికి హాయిగుంటాది."

ఆంజనప్ప సంతకం చేసి కాగితం మడిచాడు. అంతసేపూ ఉలిగమ్మ చేతులు ఆయన బల్ల మీదే ఉన్నాయి.

మనుషుల అర్జీ అయితే రెండేళ్ళు పట్టేది. పూల అర్జీ కాబట్టి పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. జయరాముడు దాన్ని మళ్ళీ తెలుగు చేశాడు: 'ఉలిగమ్మ యొక్క తామరను దోనయందు ముంచవచ్చును. తామరకు హాని కలుగునందున మనుష్యులెవరూ దిగరాదు. సదరు తామర నేటినుండి ప్రభుత్వ ఆస్తి.'

ఆ కాగితం పట్టుకుని ఉలిగమ్మ పెనుకొండ వెళ్ళింది. వాచ్‌మన్ కొండప్ప కూడబలుక్కుని చదివాడు. ఆయన కావ్యాలు చదవలేదు.

"ఏమక్కా, తామర యాడుండాది?"

"ఈడ," అని చేతులు చూపింది.

కొండప్ప చేతులు చూశాడు, కాగితం చూశాడు. "సరిగ్గానే రాసినారే! తామరను ముంచచ్చు, మనిషి దిగకూడదు. అంతే గదా? ఆ బండ మీద కూర్చోని మణికట్ల దాకా ముంచు. మిగతా ఉలిగమ్మకు పర్మిషన్ లేదు."

మొత్తం శాఖలో ఆ అర్జీని అర్థం చేసుకున్నది ఆయనొక్కడే. (ఆయనకు ప్రమోషన్ రాలేదు.) ఉలిగమ్మ కొండప్ప ఇంట్లోనే ఉండి, ఇరవై ఒక్క రోజులు బండ మీద కూర్చుంది. శ్రావణం రాకముందే చేతులు మానాయి. ఆ సంగతి చెప్పడానికే పనిగట్టుకుని హిందూపురం వచ్చి, నా తెల్లకాగితం మీద వేళ్ళు రాసి చూపింది. కొంచెం కూడా గరగర లేదు. "పోగు జారిపోతాండాదన్నా," అని నవ్వింది. ఆ రోజు నేను చాలా సంతోషించాను.

మరుసటి ఏడాది తనిఖీ జరిగింది. దోనలో తామరలు లేవు. ఉలిగమ్మకు నోటీసు వచ్చింది: 'మీ ఆధీనమందున్న ప్రభుత్వ తామర కనిపించుట లేదు. పదిహేను దినములలో యథాస్థితిలో హాజరుపరచనిచో మీరు పనిచేయు మగ్గములన్నిటికీ పట్టునూలు కోటా రద్దు చేయబడును.'

ఆవిడ తెచ్చి చూపిన ఆ నోటీసు పట్టుకుని నేను ఆంజనప్ప దగ్గరికి పరుగెత్తాను. "అది పువ్వు కాదప్పా, రోగం!"

"నాకు తెలుసప్పా," అన్నాడు ఆంజనప్ప తల ఎత్తకుండా. "కానీ ఫైల్లో ఆస్తి అని ఉండాది. రోగమని ఒప్పుకుంటే, ప్రభుత్వం రోగాన్ని సొంతం చేసుకున్నట్టవుతాది. అట్ల కుదర్దు."

"ఏదన్నా చెరువులోంచి నాలుగు తామరపూలు తెచ్చిస్తే?"

"గుర్తులు రాసుండాయి. రెండు చేతులు, ఏళ్ళ సందులు. వేరేవి తెస్తే దొంగసరుకు. ఆ తామరే చూపించల్ల. చూపిస్తే చాలు, కేసు కొట్టేస్తా."

ఉలిగమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా వింది. తన చేతుల వంక చాలాసేపు చూసుకుంది. "పన్నెండు మగ్గాలుండాయన్నా," అంది. వెళ్ళి రైలెక్కింది. మర్నాటినుంచి ధర్మవరంలో మళ్ళీ సోడానీళ్ళ దగ్గర, పట్టు ఉడకేసే పనికి చేరింది. నేను ఆపలేదు. ఆపాల్సింది.

పదిహేనో రోజున వచ్చి రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. ఆంజనప్ప మొదటిసారి తల ఎత్తి చూశాడు. అటూ ఇటూ తిప్పించి, వేళ్ళ సందులు కూడా చూసి, 'తామర యథాస్థితిలో ఉన్నది' అని రాసుకున్నాడు. కోటా నిలిచింది. ఆ నూలును ముట్టుకునే చేతులు మాత్రం ఇప్పుడు ఆవిడకు లేవు.

"దోనలో ముంచుకునేదానికి మళ్ళా అర్జీ పెట్టుకోవచ్చునా?" అని అడిగాను.

"దానికేమప్పా, పెట్టుకోండి," అన్నాడు ఆంజనప్ప. "ఈసారి మాత్రం మానకూడదు."