నమూనాకి ఒక గుప్పెడు

మనుషులు కనిపెట్టినవాటిలో తనిఖీని మించింది లేదు. నిప్పు, చక్రం కూడా దాని తర్వాతే. (ఆ రెండిటినీ ఎవరూ తనిఖీ చేయలేదు కాబట్టే ఇప్పటికీ పనిచేస్తున్నాయి.)

మాది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ. నేను బాయిలర్ మంట చూస్తాను, అక్క ఇస్త్రీ చేస్తుంది. మా ఇద్దరి గది చిమ్నీ పక్కనే, మేడమీద. ఆ చిమ్నీలోంచి గోధుమరంగు గాలి వచ్చి మా కిటికీలో దిగేది. చదువుకున్నవాళ్ళు దాన్ని నైట్రోజన్ ఆక్సైడ్లు అంటారు. అక్క ఏమీ అనేది కాదు, అనడానికి ఊపిరి ఉండేది కాదు. నన్ను తిట్టాలన్నా "ఒరేయ్" దగ్గర ఒకసారి, "దరిద్రుడా" దగ్గర ఒకసారి ఆగేది. అలా వాయిదాల మీద తిట్టించుకుంటే ఏం బాగుంటుంది?

అలాంటప్పుడు ఓనరు చిమ్నీకి ఒక పెట్టె తగిలించాడు. దాన్నిండా జియోలైట్ గుళికలు, లేత నీలం రంగువి. బిగించడానికి వచ్చిన మెకానిక్ నా బుర్రకెక్కేలా చెప్పాడు. అది కంటికి ఆనని గదులున్న రాయట. ఆ గదుల్లో ముందు సోడియం కాపురం ఉండేదట, దాన్ని ఖాళీ చేయించి రాగిని దింపారట. పొగలో కాస్త అమ్మోనియా కలిపి ఆ గదుల్లోంచి పంపితే, రాగి ఆ పాడు గాలిని విడగొట్టి ఉత్త నైట్రోజనూ నీటి ఆవిరీ చేసి బయటికి పంపేస్తుందట. (ఒకణ్ణి ఖాళీ చేయించి పనిచేసేవాణ్ణి పెట్టిన చోటు నేను విన్నది అదొక్కటే. ఆఫీసుల్లో ఖాళీ చేయించడమూ లేదు, పనిచేయడమూ లేదు.)

మూడోవారానికి అక్క మెట్లన్నీ ఆగకుండా ఎక్కింది. ఎక్కి, గుమ్మంలో నా తడి బూట్లు చూసి, మా ముత్తాత దగ్గర మొదలుపెట్టి నా దాకా ఒకే ఊపిరిలో తిట్టింది. గోడమీది బల్లులు రెండు సామాను సర్దుకుని పక్క వీధికి మారిపోయాయి. కిటికీ అద్దం బీటవారింది. నాకెంత హాయిగా ఉందంటే, మర్నాడు కూడా బూట్లు అక్కడే విడిచాను.

అంత మంచి పెట్టెను తనిఖీ చేయకుండా ఎలా వదుల్తారు? కాలుష్యం ఆఫీసు నుంచి నమూనాలు తీసే సారు వచ్చాడు. పొగ కొలిచే మిషను తేలేదు, దాన్ని తనిఖీకి పంపారట. అందుకని రూలు ప్రకారం పెట్టె మూత తీయించి, గుళికలున్నాయని కళ్ళారా చూసి, రుజువుకి ఒక గుప్పెడు తీసుకున్నాడు. ఆ గుప్పెడు ఈ పెట్టెలోదేనని రుజువు చేయడానికి ఇంకో గుప్పెడు.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. పోయినసారి కంటే గుళికలు తగ్గాయట, ఆఫీసుకి అనుమానం వచ్చిందట. ఎంత తగ్గాయో తేల్చడానికి ఒక తట్టెడు పట్టుకెళ్ళాడు. ఆపై వారం రెండు తట్టలు. నెల తిరిగేసరికి పెట్టెలో చెయ్యి పెడితే అడుగే తగిలింది. అక్క మళ్ళీ నాలుగో మెట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టింది.

పట్టుకెళ్ళినవి అడుగుదామని ఆఫీసుకి వెళ్ళాను. గుమ్మం బయట బూట్లు వరసగా ఉన్నాయి. ఒక్కోదాంట్లో గుప్పెడు చొప్పున నీలం గుళికలు.

"పెద్దసారు బూట్లు విప్పితే ఇదివరకు మేం వీధిలోకి పరిగెత్తేవాళ్ళం. ఇప్పుడు ఆయన పక్కనే కూర్చుని అన్నం తింటున్నాం," అన్నాడు బంట్రోతు.

పెద్దసారు మర్యాదగానే మాట్లాడాడు. మీ గుళికలు ఇంకా పరీక్షలోనే ఉన్నాయి, వాసన పీల్చడంలో మొదటి తరగతిలో పాసయ్యాయి అని మెచ్చుకున్నాడు. అవి చిమ్నీకోసం తెచ్చినవండీ అన్నాను.

"చిమ్నీకి ముక్కుందా? ఇక్కడ ఇరవై ఆరు ముక్కులున్నాయి," అన్నాడు.

ఫిర్యాదు రాయిస్తానన్నాను. మంట పెట్టేవాడు పొగ మీద ఫిర్యాదు చేయకూడదట. ఇబ్బంది పడేవాళ్ళే స్వయంగా, తమ గొంతుతో, ఫోన్లో చెప్పాలట. ఫోనెత్తేది మనిషి కాదు, మిషను. అది తనిఖీకి వెళ్ళలేదు.

అక్క ఫోన్ చేసింది. మీ ఇబ్బంది వివరంగా చెప్పండి అంది మిషను. అక్క "బాబూ" అని ఊపిరికోసం ఆగింది. మిషను మూడు సెకన్లు చూసి, "మీకు ఏ ఇబ్బందీ లేనందుకు సంతోషం," అని పెట్టేసింది. పదకొండుసార్లు అదే వరస. పన్నెండోసారి ఫిర్యాదు మానేసి మిషన్నే తిడదామనుకుంది. "ఒరేయ్" దాకా వచ్చింది. మిషను దానికీ సంతోషించి పెట్టేసింది.

మొన్న సర్టిఫికెట్ వచ్చింది. ఓనరు దానికి పటం కట్టించి, ఖాళీ పెట్టె కిందే తగిలించి, మాకు చదివి వినిపించాడు. గుళికలు మొత్తం నమూనాగా స్వీకరించాం, నాణ్యత ఉత్తమం. అమ్మోనియా కలపడం ఆపరాదు. (ఆపలేదు. అదీ ఇప్పుడు మా కిటికీలోనే దిగుతోంది.) ఇరుగుపొరుగును పన్నెండుసార్లు విచారించాం, ఒక్క మాట కూడా అనలేదు.

కాగితంలో అబద్ధం లేదు. నేను రోజూ తడి బూట్లు గుమ్మం మధ్యలోనే విడుస్తున్నాను. అక్క ఒక్క మాట కూడా అనడం లేదు.