రాకెట్ పైసలు, మా ఊరి గొర్ల దవాఖాన

...అగో, ఆపకు యశోదా, రాయి కోడలా. రాకెట్ల మీద పెట్టే పైసలు దండుగ అన్నోని నోరు మూతపడాలె. గట్లనే రాయి! పేపర్ల ఏస్తె పదిమంది సదువుతరు.

అయ్యలారా, అమ్మలారా! నేను మోతె దిక్కు గొర్లు కాసుకునే ఎర్రయ్యను. నాకు సదువు రాదు, నేను చెప్తుంటె మా కోడలు రాస్తున్నది. నా మాట ఒక్కటే. చంద్రునికి, అంగారకునికి ఇంక రాకెట్లు పంపాలె. ఒకటీ అర కాదు, మందలు మందలు తోలాలె!

మా కొడుకు ప్రేమ్‌కుమార్ ఏమంటడు? "ఆ పైసలు మిగిలితె గొర్ల దవాఖాన బాగయితది నాయినా" అంటడు. పిచ్చోడు! మా ఊర్ల దవాఖాన ఉండనే ఉన్నది గద. సున్నం ఏసిన గోడలు, పెద్ద గేటు, గేటుకు బుడ్డ గుమ్మడికాయంత తాళం. ఇంక పైసలొస్తె ఏం జేస్తరు? ఇంకో తాళం కొంటరు! గందుకే పైసలు పైకి పోవుడే మంచిది.

అంగారకుని మీద జీవి ఉన్నదా లేదా అని ఎతుకుతున్నరట. మంచి పని. మా దవాఖానల మేం సుత గదే ఎతుకుతున్నం. కిటికీల నుంచి సూస్తె కుర్చి కనవడ్డది, బల్ల కనవడ్డది. మనిషి జాడ ఇంక దొరకలే. పరిశోధన అంటె ఓపిక ఉండాలె!

ఆ దవాఖాన తెరిసిననాడు మేం చేసిన తెలివి పని సుత ఇనుండ్రి. గొర్రె ఈనలేకపోతె లోపట చెయ్యి పెట్టి, పిల్లను సక్కగ తిప్పి తీసేది మా ఊరి ముసలవ్వ పోచమ్మ. డాక్టర్ వచ్చిండు గద అని ఆమెకు శాలువ కప్పి, "ఇగ నువ్వు కూసో అవ్వా" అన్నం.

"శాలువ నాకెందుకురా, సలికి గొర్రెకు కప్పుండ్రి" అని తిట్టుకుంట బస్సెక్కింది. ఇప్పుడు మిర్యాలగూడల బిడ్డ ఇంట్ల కూసున్నది.

ఇయ్యాల పొద్దుగాల నుంచి మా నల్ల గొర్రె నొప్పులు పడుతున్నది. పిల్ల అడ్డం తిరిగింది. ఫోన్ చేస్తె డాక్టర్ సార్ పెన్‌పహాడ్ పోయిండన్నరు. ఆడ అడిగితె సూర్యాపేటల మీటింగ్ అన్నరు. సూర్యాపేటోళ్లు కోదాడ అన్నరు. ఇన్ని ఊర్లకు ఒక్కడే సార్, పాపం, ఆయనకు సుత తిరుగుడే తిరుగుడు! ప్రేమ్‌కుమార్ బండేసుకోని ఎతుకబోయిండు.

చంద్రుని మీద దించిన మిషిన్ సప్పుడు ఆగితె పెద్ద పెద్ద సార్లు నిద్ర మానుకోని టీవీల ముంగట కూసుంటరు. అది ఏడ పడ్డదో, ఏ దిక్కు ఒరిగిందో గీడ కూసోనే చెప్తరు. సూసిండ్రా మహిమ! గందుకే సర్కారుకు నా దరఖాస్తు. మా డాక్టర్ సార్‌ను సుత రాకెట్ల పెట్టి చంద్రుని మీదికి పంపుండ్రి. ఖర్చు ఎంతయినా సరే! అప్పుడన్న ఆయన ఏడున్నడో మాకు తెలుస్తది!

"మామా, గిట్ల రాస్తె ఆఫీసరోళ్లు కోపానికొస్తరు" అంటున్నది మా కోడలు. కోపంతోనన్న రానీ బిడ్డా, ఎవలో ఒకలు వచ్చినట్టుంటది!

సాలు, ఇగ ఆపు. పేపర్‌కు రేపు పంపుదువు. ముందుగాల ప్రేమ్‌కుమార్‌కు ఫోన్ కలుపు. సార్ దొరికిండంటె స్పీకర్ పెట్టుమని, గిదంత సార్‌కు సదివి ఇనిపియ్.

ఆగు, గిదంత సదివితె ఆలస్యమయితది. "గొర్రె ఇంక కండ్లు తెరిసే ఉన్నది సారూ" అని పైన ఒక్క ముక్క రాసి, అది ముందు సదువు.