బండ మీద పచ్చగీత

ఆ ఉదయం భూగర్భ శాస్త్రవేత్త పెట్టుకున్న పని చిన్నదే: తలస్నానం చేసి ఆఫీసుకు వెళ్లడం. తల నిండా షాంపూ నురగ ఉన్నప్పుడు కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. వీధి ట్యాంకు మళ్లీ ఖాళీ. వీధి చివర బోరు బండి చప్పుడు వినిపించింది. ఆమె తువ్వాలు భుజాన వేసుకుని, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, నురగతోనే బయటికి నడిచింది.

వీధివాళ్లు అప్పటికే వేయించిన రెండు బోర్లూ దుమ్మే కక్కాయి. మూడోదీ ఎండితే ఇళ్లు ఖాళీ చేయడమే. అందుకని వీధి సంఘం అధ్యక్షుడు ఈసారి కర్ర పట్టుకుని నీళ్లు చూసే మనిషిని తెచ్చాడు. కర్ర తిరిగింది, చోటు ఖరారైంది.

"రాయి సంగతి కర్రకేం తెలుసండీ?" అంటూ ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. "ఇది ఉపగ్రహం తీసిన ఫొటో. మన కిందంతా గట్టి బండ. నీళ్లుంటే దాని పగుళ్లలోనే ఉంటాయి. పగులు వెంట మొక్కలు మండుటెండలో కూడా పచ్చగా ఉంటాయి. ఇదిగో, ఈ ఖాళీ స్థలం పొడుగునా పచ్చగీత. ఇక్కడ వేయండి."

అధ్యక్షుడు ఆ స్థలానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "అక్కడొద్దమ్మా. పాములున్నాయి."

"బోరు చప్పుడికి అవే పోతాయి."

"అయినా, ఆకాశంలోంచి తీసిన ఫొటోని నమ్మి..."

తన చదువును తీసిపారేస్తున్నాడనుకుంది ఆమె. ఆయన ఎంత వద్దంటే అంత మొండికేసింది. "నీళ్లు పడకపోతే ఉద్యోగానికి రాజీనామా చేస్తాను. ఈ తల కూడా ఆ నీళ్లతోనే కడుక్కుంటాను!"

అత్తగారు చెంబెడు తాగేనీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "పంతాలు తర్వాత పడుదువుగాని, ముందు కడుక్కోవే! కళ్లు చూడు, ఎలా ఎర్రబడ్డాయో." కోడలు తల గట్టిగా అడ్డంగా ఊపింది. నురగ ఎగిరి అధ్యక్షుడి కళ్లద్దాల మీద పడింది.

ఆయన అద్దాలు తుడుచుకుంటూ కంగారుగా, "మా ఇంటికి రండమ్మా, కావలసినన్ని నీళ్లున్నాయి, హాయిగా స్నానం చేయండి" అన్నాడు.

"మీ ఇంట్లో నీళ్లెక్కడివి?" అంది అత్తగారు.

వీధంతా ఆయన వైపు తిరిగింది. "దా... దాచుకున్నవండీ."

అంతే, అత్తగారు చెంబు కింద పెట్టేసింది. "బాబూ, మా అమ్మాయి చెప్పిన చోటే వెయ్యి!" అని బోరు ఆపరేటర్‌కి హుకుం జారీ చేసింది.

యంత్రం ఇలా దిగిందో లేదో, నీళ్లు అలా ఎగజిమ్మాయి. జనం కేకలు పెట్టారు, బిందెల కోసం పరుగులు తీశారు. ఆపరేటర్ మాత్రం బుర్ర గోక్కున్నాడు. "మేడమ్, ఇంకా బండే తగల్లేదు" అని గుంటలో చెయ్యిపెట్టి నీలం ప్లాస్టిక్ గొట్టం ముక్క బయటికి లాగాడు.

వీధి ట్యాంకుకు వచ్చే పెద్ద గొట్టం నుంచి చాటుగా చీలి, అతుకుల దగ్గర కారి దారంతా మొక్కలు పెంచి, అధ్యక్షుడి ప్రహరీ కిందుగా ఆయన తోటలోకి దూరింది అది.

శాస్త్రవేత్త ఫొటో మళ్లీ చూసుకుంది. ప్రహరీ దగ్గర పచ్చగీత మూలమట్టంతో గీసినట్టు తిరిగింది. ఏ బండా అంత నీటుగా పగలదు. ఆ మలుపు ముందే చూడాల్సింది. సిగ్గేసింది కానీ బయటపడలేదు.

అధ్యక్షుడికి ఆశ చిగురించింది. "అంటే అది పగులు కాదన్నమాట! మీ శాస్త్రం తప్పింది. రాజీనామా చేయండి!"

"నీళ్లు పడకపోతే చేస్తానన్నాను సార్. పడ్డాయిగా. ఇప్పుడు చేయాల్సింది మీరు."

ఆమె ధార కిందికి వెళ్లి తల వంచింది. ఆ రోజు మొత్తంలో ఆమె తల వంచింది ఆ ఒక్కసారే.