శుక్రవారం జలపాతం

శుక్రవారం పొద్దున పని తొమ్మిదింటికల్లా ముగించుకుని క్యాంప్‌కు వెళ్ళి, ఊళ్ళో ఉన్న భార్య గంగామణితో ఫోన్‌లో తీరిగ్గా మాట్లాడాలని లింబాద్రి అనుకున్నాడు. ఆరు నెలల కిందట పుట్టిన కూతుర్ని అతడు ఇంకా ఎత్తుకోలేదు. సెలవు కాగితం ఇంజనీరు అద్నాన్ బల్ల మీద మూడు వారాలుగా పడి ఉంది.

పని కూడా చిన్నదే. దోహా శివార్లలోని జాతీయ పార్కులో, రోడ్డు పక్కన కంపెనీ కట్టిన జలపాతానికి పది నిమిషాలు నీళ్ళు వదిలి బండల మీది దుమ్ము కడగాలి. ఆదివారం ప్రారంభోత్సవం.

ఫోర్‌మన్ నాగూర్ ఫోన్ చేశాడు. "చిన్నగా తిప్పు లింబాద్రీ, నేను వస్తాండా."

నాగూర్‌ది కడప. చిన్నగా అంటే అక్కడ నెమ్మదిగా అని. నిర్మల్ మనిషి లింబాద్రి, పైపు మీద పక్కపక్కనే ఉన్న నీళ్ళు వదిలే రెండు చక్రాల్లో చిన్నదాన్ని తిప్పమన్నాడనుకుని చివరిదాకా తిప్పేశాడు.

నీళ్ళు బండల మీద ఆగలేదు. ఎగిరి రోడ్డు మీదికి దూకాయి. వెనక్కి తిప్పబోతే చక్రం ఊడి చేతికొచ్చింది.

అటుగా వెళ్తున్న ఖాసీం అనే పెద్దమనిషి కారాపి, "టికెట్ ఉందా?" అని హిందీలో అడిగాడు.

"మాఫీ, మాఫీ," అంటూ లింబాద్రి తనకొచ్చిన అరబ్బీలో లేదు లేదని చేతులు అడ్డంగా ఊపాడు. జలపాతం ఇంకా తెరవలేదని అతని భావం. టికెట్ లేదని ఖాసీంకు అర్థమైంది. సంతోషంగా పిల్లల్ని దించి, దగ్గర్లోని ఐన్ ఖాలిద్ పేటలో ఉన్న చుట్టాలందరికీ వీడియో పంపాడు. అరగంటలో నలభై కార్లు వచ్చాయి. ఒకాయన ఎలాగూ నీళ్ళున్నాయి కదా అని కారు కడుక్కోవడం మొదలుపెట్టాడు.

నాగూర్ తన బండి ఆ వరుసలో ఇరుక్కుపోతే, వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేసినావప్పా?"

"చిన్నది తిప్పమంటివి గదన్నా."

"చిన్నగా అంటే నిదానంగా అబ్బా."

ఇద్దరూ చొక్కాలు విప్పి పైపులో కుక్కుతుండగా అద్నాన్ వచ్చాడు. తిన్నగా వెళ్ళి పంపు స్విచ్ ఆపాడు. అంతసేపూ ఆ సంగతి ఇద్దరికీ తోచలేదు. తడిసిన పిల్లల్నీ, లింబాద్రి చేతిలోని చక్రాన్నీ చూసి, "ఇతన్ని రేపే ఊరికి పంపించు," అని నాగూర్‌తో చెప్పి వెళ్ళిపోయాడు.

ఉద్యోగం పోయిందనుకున్నాడు లింబాద్రి. క్యాంప్‌లో పెట్టె సర్దుకుని ఇంటికి ఫోన్ చేశాడు.

"రేపొస్తున్న."

"సెలవిచ్చిండ్రా?" గంగామణి గొంతులో సంబరం.

అంతలో నాగూర్ విమానం టికెట్టు తెచ్చి చేతిలో పెట్టాడు. పోవడానికే కాదు, నలభై రోజుల తర్వాత తిరిగి రావడానికి కూడా ఉంది.

"పెద్దసార్లు వచ్చేనాటికి నువ్వు ఆ చక్రం దగ్గర ఉండకూడదంట," అన్నాడు నాగూర్. "అందుకే ఇంజనీరు నీ సెలవు కాగితం మీద సంతకం పెట్టినాడు."

"ఇచ్చిండ్రే," అన్నాడు లింబాద్రి ఫోన్‌లో, కళ్ళు తుడుచుకుంటూ.

ఆదివారం నీళ్ళు బండల మీదే బుద్ధిగా జారాయి. ఒక్క కారూ ఆగలేదు.