ఎమిల్‌ని ట్రైలరెక్కించిన రోజు

ఆ శనివారం పొద్దున కర్టిస్ లుండీన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. ఏడాదిగా గ్యారేజీలో అట్టపెట్టెలోనే మూలుగుతున్న కరెంటు వించ్‌ని ట్రైలర్ ముందు భాగాన బిగించాలి. దాని ఉక్కుతాడుతో మామగారి పాత ట్రాక్టర్‌ని ట్రైలర్ మీదికి లాగాలి. మధ్యాహ్నం పన్నెండింటికి మొదలయ్యే పాత ట్రాక్టర్ల ఊరేగింపు వేళకి కౌంటీ సంత మైదానం చేరుకోవాలి. మా నెబ్రాస్కా మగవాళ్ళం పథకాలు ఇలాగే వేస్తాం. మధ్యలో ఏదైనా తేడా వస్తుందేమో అన్న అనుమానం మాకు పుట్టుకతోనే లేదు.

ఆ ట్రాక్టర్ పేరు ఎమిల్. మామగారి పేరు కూడా ఎమిల్, ఎమిల్ కుచేరా. ట్రాక్టర్‌కి ఆ పేరు పెట్టింది కర్టిస్ భార్య మార్లా, తన చిన్నతనంలో. పొద్దున్నే లేవనని మొరాయించడం, లేచాక వీధి చివరిదాకా వినపడేలా సణగడం అచ్చం నాన్నలాగే ఉన్నాయని ఆమె వాదన. అప్పటినుంచి ఆ ఇంట్లో అందరూ ట్రాక్టర్‌ని మనిషిలాగే వచ్చాడు, పోయాడు అంటారు. బయటివాళ్ళకి మాత్రం ఈ సంగతి తెలియదు. ఇంటి విషయాలు బయట చెప్పుకోవడం మా వైపు మర్యాద కాదు, అడగడం అంతకన్నా మర్యాద కాదు.

పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటినా మామగారు కర్టిస్‌కి ఒక్క పానా అయినా చేతికివ్వలేదు. అలాంటిది ఈ ఏడు మోకాలి ఆపరేషన్ వల్ల పెద్దాయన బండి తోలలేకపోయారు. "ట్రాక్టర్‌ని నువ్వే తీసుకురా అల్లుడూ, గీత కూడా పడకూడదు," అన్నారు. ఆ మాటకి కర్టిస్ వారం రోజులు గాల్లో తేలాడు. శుక్రవారం సాయంత్రం షెడ్డులోకి వెళ్ళి, ఒకసారి ఇంజన్ వేడి చేద్దామని మీట నొక్కాడు. టక్కుమని ఒక చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఇంక ఏ చప్పుడూ రాలేదు.

రాత్రంతా కర్టిస్‌కి నిద్ర పట్టలేదు. ఇంజన్ షెడ్డులో పోయిందంటే తప్పు తనది, మైదానంలో పోయిందంటే తప్పు దాని వయసుది. కాబట్టి ఎవరికీ తెలియకుండా దాన్ని అక్కడికి చేరిస్తే చాలు. మామగారి నమ్మకం నిలబడుతుంది. తనంతట తాను కదలని ట్రాక్టర్‌ని ఎక్కించాలంటే వించ్ కావాలి. అంత దిగులులోనూ, ఆ పెట్టె విప్పడానికి ఒక కారణం దొరికినందుకు అతని మనసు కాస్త పొంగింది.

తెల్లారేసరికే మామగారు స్నేహితుడి కారులో మైదానానికి వెళ్ళిపోయారు. చెట్టు నీడలో తన మామూలు చోటు ఇంకెవరైనా ఆక్రమిస్తారని ఆయన భయం. ఫోన్ ఇంట్లోనే వదిలేసి వెళ్ళారు, అది ఆయనకి ఎప్పుడూ ఉన్న అలవాటు.

పని సులువుగా ఉంటుందని కర్టిస్ ట్రైలర్‌ని తన పికప్ బండి నుంచి విడదీసి, షెడ్డు ఎదురుగా నిలబెట్టాడు. వించ్‌ని నాలుగు బోల్టులతో బిగించాడు. దాంతో వచ్చిన తీగ పికప్ బ్యాటరీ దాకా చాలలేదు. కరెంటు ఎక్కడిదైనా కరెంటే కదా అనుకుని పికప్ నుంచి ట్రైలర్‌కి వచ్చే పొడవాటి లైట్ల తీగకి కలిపేశాడు. పెట్టెలోని సూచనల కాగితం కాఫీ కప్పు కింద సుఖంగా ఉంది.

ఉక్కుతాడు కొక్కేన్ని ట్రాక్టర్‌కి తగిలించి రిమోట్ నొక్కాడు. వించ్ గురగురలాడింది, తాడు బిగిసింది. ట్రాక్టర్ మాత్రం కదలలేదు. మామగారు దాన్ని ఎప్పుడూ గేరులోనే ఉంచుతారని కర్టిస్‌కి తర్వాత గుర్తొచ్చింది. బరువైన వస్తువు కదలనప్పుడు తేలికైన వస్తువు దాని దగ్గరికి వెళుతుంది. ఖాళీ ట్రైలర్ తన చిన్న ముందుచక్రం మీద దొర్లుకుంటూ, ఎంతో ప్రేమగా షెడ్డులోకి నడిచి వెళ్ళింది. కర్టిస్ అది చూస్తూ నిలబడ్డాడు. రిమోట్ మీద వేలు తీయాలని తట్టేలోపు ట్రైలర్ వెళ్ళి ట్రాక్టర్ మడ్‌గార్డ్‌ని ముద్దు పెట్టుకుంది. మడ్‌గార్డ్ సొట్టపోయింది.

గీత పడకూడదన్న మాట చెవిలో మోగుతుండగా ట్రైలర్‌ని పికప్‌కి తగిలించి, చక్రాల కింద దుంగలు పెట్టి, ట్రాక్టర్‌ని గేరులోంచి తప్పించి, మళ్ళీ నొక్కాడు. ఈసారి ట్రాక్టర్ సగం దాకా వచ్చింది. అంతలో కాలిన వాసన కొట్టింది. సన్నటి లైట్ల తీగలు అంత బరువు మోయలేక కరిగిపోయి, ఒకదానికొకటి అతుక్కున్నాయి. పికప్‌కీ ట్రైలర్‌కీ ఉన్న దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఏ మీట నొక్కినా ఆరలేదు. కర్టిస్ వాటిని వాటి ఖర్మానికి వదిలేసి, బ్యాటరీ నుంచి జంపర్ తీగలు నేరుగా వించ్‌కి కలిపి, ట్రాక్టర్‌ని పైకి లాగేశాడు. సొట్ట మార్లా కంట పడకుండా రెండు పెద్ద టార్పాలిన్లు తెచ్చి, నెత్తి నుంచి చక్రాల దాకా చుట్టేశాడు.

కట్టడానికి పట్టీలు లేవు. ఊళ్ళో రైతు సహకార దుకాణంలో కౌంటరు చూసే డార్లీన్‌కి ఫోన్ చేశాడు.

"గట్టి పట్టీలు కావాలి డార్లీన్, తొందరగా. ఎమిల్‌ని తీసుకెళ్ళాలి."

"ఎమిల్‌కి ఏమైంది?"

"రాత్రే బిగుసుకుపోయాడు. ఎంత కదిపినా లేవలేదు. ఇప్పుడే నేనొక్కణ్ణే ట్రైలరెక్కించి టార్పాలిన్ కప్పాను."

డార్లీన్ చేతిలో పని పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, "మార్లా ఎలా ఉంది?" అంది.

"తనకి తెలీదు. నువ్వూ చెప్పకు. మైదానానికి వెళ్ళాక నేనే చెప్తా. ఎక్కించేటప్పుడు కాస్త దెబ్బ కూడా తగిలింది, అది నా తప్పే."

డార్లీన్ ఇంకేమీ అడగలేదు. మరో దేశంలో, మరో ఊళ్ళో అయితే ఎవరో ఒకరు ఇంకో ప్రశ్న వేసేవారు, కథ అక్కడితో ముగిసేది. మా వైపు దుఃఖంలో ఉన్న మనిషిని ప్రశ్నలు అడగం. వంట చేసి పట్టుకెళతాం, వాన గురించి మాట్లాడతాం. డార్లీన్ పట్టీలు పక్కింటి వెర్లిన్ బుఖోల్జ్ చేతికిచ్చి పంపి, దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ గొంతు తగ్గించి సంగతి చెప్పింది. అలా విన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

వెర్లిన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. టార్పాలిన్ చుట్టిన ఆకారాన్ని చూసి తల దించుకున్నాడు. ఎమిల్ భారీ మనిషే కాని మరీ అంత భారీ కాదు. పోతూ పోతూ ట్రాక్టర్‌ని కూడా వెంట తీసుకెళుతున్నాడని వెర్లిన్ అనుకున్నాడు. చెబితే నవ్వుతారు గాని, మేమంతా అదే అనుకున్నాం. బతికుండగా ఆ ట్రాక్టర్‌ని ఒక్క పూట ఎవరికీ ఇవ్వని మనిషి చచ్చాక మాత్రం ఎలా ఇస్తాడు? శవపేటిక ధర విని, వద్దు, టార్పాలిన్ చాలు అని ముందే చెప్పి ఉంటాడని కూడా మాలో ఒకరు అన్నారు. ఎవరూ కాదనలేదు.

వెర్లిన్ పట్టీలు బిగించాడు. "వాన పడేలా లేదు," అన్నాడు. కర్టిస్ కూడా పడేలా లేదనే అన్నాడు. వెర్లిన్ అతని భుజం మీద చెయ్యి వేసి, చాలాసేపు తీయలేదు. పట్టీల విషయంలో ఇంత ఆప్యాయత ఏమిటో కర్టిస్‌కి అర్థం కాలేదు.

లోపల వంటింట్లో వెర్లిన్ భార్య లోయిస్, చీజు పోసి కాల్చిన బంగాళాదుంపల పళ్ళెం మార్లా చేతిలో పెట్టింది. వెనకాలే ఇంకెవరో కొలాచీల బుట్ట, అంటే పళ్ళగుజ్జు పెట్టి కాల్చిన తీపి రొట్టెలు, తెచ్చారు. మైదానంలో అందరూ కలిసి తినడానికే అనుకుని మార్లా సంతోషంగా అందుకుంది.

"నాన్నగారు..." అని లోయిస్ ఆగిపోయింది.

"పొద్దున్నే వెళ్ళిపోయారు," అంది మార్లా. "ఎప్పుడూ తొందరే ఆయనకి. ఆగమంటే వింటారా? ఆయన లేకపోతే ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చూడు."

ఆమె గుండె నిబ్బరానికి లోయిస్ కళ్ళు తుడుచుకుంది.

పదకొండు దాటాక పికప్ బయల్దేరింది. పట్టీలు వదులవుతాయేమోనని, మడ్‌గార్డ్ ఇంకా వంగుతుందేమోనని కర్టిస్ నడక వేగంతో తోలాడు. ముందూ వెనకా దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ఇక్కడ పట్టపగలు దీపాలు వేసుకుని వరసగా వెళ్ళేవి అంతిమయాత్ర బళ్ళే. వెర్లిన్ తన బండికి దీపాలు వేసి వెనకే వచ్చాడు, అతని వెనక డార్లీన్ దుకాణం మూసేసి వచ్చింది, ఆ వెనక నేను. ప్రతి మలుపు దగ్గరా ఒకటో రెండో పికప్‌లు కలిశాయి. ఎదురొచ్చే కార్లు మా వైపు ఆచారం ప్రకారం రోడ్డు పక్కకి తప్పుకుని ఆగిపోయాయి. ఒకతను కోత యంత్రం దిగి, గోధుమ చేలో టోపీ తీసి నిలబడ్డాడు.

అద్దంలో చూసుకున్న కర్టిస్‌కి ఆనందమే ఆనందం. ఇంతమంది ఊరేగింపుకి వస్తున్నారంటే మన ట్రాక్టర్‌కి మంచి పేరే ఉంది అని భార్యతో అన్నాడు. స్టీరింగ్ మీది నుంచి రెండు వేళ్ళెత్తి అందరినీ పలకరించాడు. అంత దుఃఖంలోనూ పలకరిస్తున్నాడు, ఎంత మంచి అల్లుడో అనుకున్నాం.

మైదానం గేటు దగ్గర, తన చెట్టు నీడలోనే, ఎమిల్ కుచేరా మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దూరం నుంచి దీపాల వరస నెమ్మదిగా రావడం చూసి, ఎవరిదో అంతిమయాత్ర అనుకుని, నొప్పి మోకాలితోనే లేచి, టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. పికప్ ఆగింది. వెర్లిన్ బండి దిగి, నాలుగడుగులు వేసి, బిగుసుకుపోయాడు.

"ఎవరు పోయారు వెర్లిన్?" అన్నాడు ఎమిల్.

వెర్లిన్ ఆయన్ని ఎగాదిగా చూసి, "నువ్వే," అన్నాడు.

ఎమిల్ టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎప్పుడు?"

"రాత్రి అన్నారు."

"నాకెవరూ చెప్పలేదే."

అందరి కళ్ళూ కర్టిస్ మీదికి తిరిగాయి. కర్టిస్‌కి సంగతి బోధపడింది. ఇంక దాచడం కుదరదు. ఇరవై ఏళ్ళ తర్వాత దొరికిన నమ్మకం గేటు దగ్గరే పోతోందని తెలిసినా మామగారి ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"పోయింది మీరు కాదు మామగారూ, ట్రాక్టర్. నిన్న నేను మీట నొక్కాను, టక్కుమంది, అంతే. మడ్‌గార్డ్ కూడా నేనే సొట్ట చేశాను. మీకు తెలీకుండా తేవాలని చూశాను."

ఎమిల్ కోపంగా నోరు తెరిచాడు. అప్పుడే ఆయన చూపు మా అందరి మీదా పడింది. తడిసిన కళ్ళు, చేతుల్లో టోపీలు. లోయిస్ ఇంకా తేరుకోక, ఎంత నిజాయితీపరుడో మా ఎమిల్ అని ఎవరికో చెబుతూనే ఉంది. ఎమిల్ నోరు మూసి, మోకాలు నొక్కుకుని, మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

"అది నిన్న పోలేదు," అన్నాడు చివరికి. "నెల కిందటే పోయింది. నూనె చూసుకోకుండా తోలాను."

"మరి నన్నెందుకు తెమ్మన్నారు?"

"నీ చేతిలో పాడైందంటే అందరూ నమ్ముతారు గదా."

మేమంతా తలలూపాం. కర్టిస్‌కి చాలా బాధేసింది. ఆ నమ్మకం కోసమేగా రాత్రంతా మేలుకున్నాడు, తీగలు కాల్చుకున్నాడు. మార్లా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఈ అల్లుణ్ణి నాన్న వెతికి తేలేదు, అచ్చం నాన్నలాంటివాణ్ణే నేనే ఏరి తెచ్చుకున్నాను అని తనని తనే తిట్టుకుంది.

పికప్‌లన్నీ వెనక్కి తిరిగే చోటు లేక వరసగా ఊరేగింపులోకే వెళ్ళాయి. ఆరని దీపాలు చూసి మైదానంలో జనం లేచి నిలబడి టోపీలు తీశారు. ఎమిల్ అల్లుడి పక్క సీట్లో కూర్చుని, వాళ్ళకి చెయ్యి ఊపుతూ పోయాడు. తర్వాత చెట్టు నీడలో తన సంతాపపు బంగాళాదుంపల్ని రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. ఎవరెవరు వచ్చారో, ఎవరు రాలేదో ఆరా తీశాడు. రానివాళ్ళ పేర్లు విని తల పంకించాడు.

పళ్ళెం ఖాళీ అయ్యాక మూతి తుడుచుకుని కర్టిస్ వైపు తిరిగాడు. "నెమ్మదిగా తోలావు. కుదుపు లేదు, జనం కూడా బాగానే వచ్చారు. అసలు రోజున కూడా నువ్వే తోలు అల్లుడూ."

ఈసారి ఆ అప్పగింతలో మోసమేమీ లేదు, తేదీ మాత్రం ఇంకా ఖరారు చేయలేదు.