భిక్షపతి సారు గాలి లెక్క

ఆదివారం పొద్దున్నే భిక్షపతి రెండు గ్లాసుల్లో చాయ్ పోశాడు. రెండోది ఎవరికని చూసుకుని, అదీ తనే తాగాడు. మర్రిగూడ బడిలో లెక్కల పంతులైన అతనికి పెళ్లయ్యాక ఇదే మొదటి ఆషాఢం. భార్య రాజమణి దేవరకొండలో పుట్టింట్లో ఉంది. నెల గడిచేదాకా అతను అత్తారింటి గడప తొక్కకూడదు. అయితే వీధి బావి గడప కాదు కదా! ఆమె నీళ్లకొచ్చినప్పుడు దూరం నుంచి ఒక్కసారి చూసి వద్దామనుకున్నాడు.

అరుగు మీద కూర్చుని పలక మీద లెక్క వేశాడు. దూరం ఇరవై నాలుగు మైళ్లు. నిరుడు ఆషాఢంలో సైకిల్ మీద పోవడానికి రెండు గంటలు, రావడానికి నాలుగు పట్టింది. సైకిల్ వేగం క్ష, గాలి వేగం య.

"క్ష, య కలిస్తే పన్నెండు. క్షలోంచి య పోతే ఆరు. క్ష తొమ్మిది, య మూడు" అని గొణిగాడు.

ఇల్లు కిరాయికిచ్చిన గోపమ్మ చాట పట్టుకుని నిలబడిపోయింది. "గా మాటలేంది సారూ?"

"గాలి, గోపమ్మా. పోయేటప్పుడు ఎనక నుంచి తోస్తది. వచ్చేటప్పుడు ఎదురుంగ నిలవడ్తది."

"ఎప్పటిసంది?"

"రాజమణి పోయినకాన్నుంచి గిదే ఫికర్."

అతను తలంటుకుని, ఇస్త్రీ అంగీ తొడుక్కుని బండ్ల బాట పట్టేసరికి, సారుకు గాలి సోకిందన్న గోపమ్మ కబురు దేవరకొండ బస్సెక్కింది.

దేవరకొండలో వీధి బావి దగ్గరికి ఆడవాళ్లు వస్తున్నారు, పోతున్నారు. రాజమణి బిందె మాత్రం రాలేదు. చివరికి ఓ ముసలామెను అడిగాడు.

"అందరు బస్సుల మర్రిగూడ పోయిండ్రు బిడ్డా. అల్లునికి గాలి సోకిందట. పాపం, రాజమణి ఏడ్సుకుంట పోయింది."

తన కోసం ఏడ్చిందన్న మాటకు భిక్షపతి గుండె నిండిపోయింది. వెంటనే సైకిల్ తిప్పాడు. గాలి నిరుటి గాలి కాదు. తొక్కితే సైకిల్ కదలలేదు, దిగి నెడితే అతనే కదలలేదు.

పొద్దు గూకే వేళకు ఇల్లు చేరాడు. జుట్టు నిక్కబొడుచుకుంది, కళ్లు ఎర్రబడ్డాయి, ఒళ్లంతా దుమ్ము. వాకిట్లో మామ వెంకటనర్సు, రాజమణి, వేపమండలతో మంత్రగాడు లచ్చయ్య. అల్లుడున్న గడప దాటకూడదని అత్త కంచె అవతలే నిలబడి ఏడుస్తోంది.

"ఎవరు నువ్వు?" ఉరిమాడు లచ్చయ్య.

"క్ష, య సమానమైనయ్!" అని రొప్పాడు భిక్షపతి.

అందరూ ఓ అడుగు వెనక్కి వేశారు. రాజమణి ఒక్కతే ముందుకొచ్చి చెంగుతో అతని ముఖం తుడిచింది. "గింతగనం చిక్కిండ్రేంది?" అంది మెల్లగా.

జరిగిందంతా చెబుదామని భిక్షపతి నోరు తెరిచాడు. అంతలో లచ్చయ్య తేల్చేశాడు. "గిది ఒంటిగున్నోన్ని పట్టే గాలి. పెండ్లాం పక్కన ఉండాల్సిందే. ఆషాఢమని చూస్తే పానం మీదికొస్తది."

"అయితే పిల్ల ఈడనే ఉంటది" అన్నాడు మామ.

భిక్షపతి తెరిచిన నోరు మూశాడు. లచ్చయ్య వేపమండతో నాలుగు బాది, "ఇప్పుడెట్లున్నది?" అని అడిగాడు.

"జర తగ్గింది గని, శ్రావణం దాకా ఉండేటట్టే ఉన్నది" అన్నాడు భిక్షపతి.