డ్రైవరు లేని జపాన్ రైలు

ఆ గురువారం పొద్దున చిట్టెమ్మ వేసుకున్న ప్లానులో వంక పెట్టడానికేమీ లేదు. పదింటికల్లా అతిథులు కూర్చునే మజ్లిస్ దులపాలి, మధ్యాహ్నానికి కబ్సా వండాలి, సాయంత్రం యజమాని బాబా తన స్నేహితులకు బొమ్మ రైలు ఆడించి మురిసిపోతున్నప్పుడు టీ గ్లాసు అందిస్తూ సెలవు అడగాలి. రాయచోటిలో ఆమె కూతురికి వచ్చే నెల కాన్పు. చిట్టెమ్మ ఊరు చూసి మూడేళ్లయింది. బాబా ఫోను తీసి ఒక్క నొక్కు నొక్కితే ఊరెళ్లి తిరిగి రావడానికిచ్చే అనుమతి, ఎగ్జిట్ రీ-ఎంట్రీ, వచ్చేస్తుంది. ఆ నొక్కు కోసం ఆమె ఇప్పటికే రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఆయన "చూద్దాంలే" అని ఫోను జేబులో వేసుకున్నాడు. "రైలు దగ్గరున్నప్పుడు అడుగు, కాదనడు" అని చివరికి మేడమే కిటుకు చెప్పింది.

తాయిఫ్‌లోని ఆ సౌదీ ఇంట్లో రైలంటే మాటలు కాదు. పెళ్లయిన కొత్తలో బాబా, మేడమ్ జపాన్ వెళ్లి, టోక్యో నుంచి కొండల్లోని వేడినీటి బుగ్గల ఊరికి పోయే కరెంటు ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. అది ఓ ప్రైవేటు కంపెనీ బండి, పేరు రొమాన్స్‌కార్. ఇప్పటికీ ఆ పేరు పలికేటప్పుడు బాబా మేడమ్ వైపు చూడడు, సిగ్గు. దానికి అచ్చు గుద్దినట్టుండే బొమ్మ రైలును ఆయన పోయినేడాది తెప్పించాడు. ఎర్రటి పెట్టెలు ఏడు, ఒక్కోటి మూరెడు. లోపల వేరుశనగ గింజంత మనుషులు బుద్ధిగా కూర్చుని ఉంటారు. దాన్ని మెత్తటి కుంచెతో తప్ప తాకకూడదని ఇంట్లో శాసనం.

ముందురోజు దుమ్ముగాలి వీచింది. కుంచెతో దులిపితే మధ్యాహ్నమైపోతుందని చిట్టెమ్మ వాక్యూమ్ మిషను తెచ్చి, సన్నగొట్టం తగిలించి, రైలు మీద గాలికంటే తేలిగ్గా ఆడించింది. గొట్టంలో 'టక్' మంది. ఏదో లోపలికి పోయింది.

ఆమె మిషను ఆపి, వంగి, మొదటి పెట్టె ముందు అద్దంలోంచి చూసింది. ఇన్నాళ్లూ తుడిచింది గాని అంత పరీక్షగా ఎన్నడూ చూడలేదు. అద్దానికి ఆనుకుని ప్యాసింజర్లు దర్జాగా కూర్చున్నారు. డ్రైవరు మాత్రం లేడు.

"ఓ రామాంజీ! బిన్నా రా నాయనా, నా కొంప మునిగింది!"

ఆ ఇంటి కారు నడిపే రామాంజి కదిరి వాడు. ఇరవయ్యేళ్ల నుంచి స్టీరింగ్ పట్టినవాడు కాబట్టి చక్రాలున్న ప్రతిదాని మీదా అతనికి ఒక అభిప్రాయం ఉంటుంది. అద్దంలోకి చూసి పెదవి విరిచాడు.

"డ్రైవరే కాదుక్కా, స్టీరింగు గూడా లేదు."

"రైలుకు స్టీరింగు యాడుంటాదిరా?"

"పట్టుకునేదానికి ఏదో ఒగటి ఉంటాది గదా! దాంతోపాటే పోయినాడు."

చిట్టెమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది. "బాబా చూస్తే ఖురూజ్ నిహాయీ కొట్టి పంపిస్తాడు. అది కొడితే మళ్లీ వచ్చేది లేదు. కాన్పుకు పోయినట్టూ ఉంటాది, పనీ పోయినట్టుంటాది."

"సంచి ఇప్పుదాం పా. యాడికి పోతాడు, అందులోనే ఉంటాడు."

మిషను సంచి విప్పబోతే సర్రున చినిగింది. మూడు నెలల దుమ్ము మజ్లిస్ తివాచీ మీద కుప్పపోసింది. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో జల్లెడ పట్టారు. ఏలకులు రెండు, ఖర్జూరం గింజ ఒకటి, మేడమ్ జడపిన్ను ఒకటి దొరికాయి. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, వీళ్లకు ఆ ఎలుక కూడా దొరకలేదు. మిషను చచ్చింది కాబట్టి దుమ్మునంతా తివాచీ కిందికి నెట్టి, దాని మీద దిండ్లు పరిచారు. కబ్సా పని ముగించేసరికి మధ్యాహ్నం దాటిపోయింది.

"ఇంగ ఒగటే దోవ," అన్నాడు రామాంజి. "మనమే ఒగ డ్రైవర్ని చేసి కూర్చోబెడదాం."

సాయంత్రం సంబూసాలకు కలిపిన మైదాపిండి ఉంది. చిట్టెమ్మ చిటికెడు పిండితో మనిషిని చేసి, నల్లజీలకర్రతో కళ్లు, లవంగం మొగ్గతో టోపీ పెట్టింది.

"మీసం పెట్టక్కా. డ్రైవరంటే కొంచెం గంభీరంగా ఉండాల."

"జపాన్‌వోళ్లకు మీసాలుంటాయా?"

"వాళ్లకున్నా లేకపోయినా డ్రైవర్లకుంటాయి."

మీసం పెట్టారు. ఇప్పుడు లోపలికి పంపడమెలా? మొదటి పెట్టె నెత్తి మీద, నల్లద్దాలున్న చిన్న గూడు ఒకటి ఉబ్బెత్తుగా ఉంది.

"ఇది ఏసీ డబ్బా. మన ఓల్వో బస్సుల మీద ఉంటాది చూడు, అదే," అని రామాంజి వంటింటి కత్తి మొన దాని కింద దూర్చి పైకెత్తాడు. గూడు 'ఫట్' మని ఊడి వచ్చింది. ఆ కంతలోంచి చిట్టెమ్మ మేడమ్ కనుబొమల పట్టకారుతో పిండిమనిషిని దింపి, అద్దం దగ్గర నిలబెట్టింది. గూడు మళ్లీ అతికించేలోపు బయట కారు హారన్ మోగింది. అనుకున్నదానికంటే గంట ముందే బాబా, ఒక స్నేహితుడి కారులో దిగాడు. రామాంజి గూడును చొక్కా జేబులో వేసుకుని గేటుకు పరుగెత్తాడు.

అతిథులు ముగ్గురు. అందరిలో భారీ మనిషి దిండు మీద కూలబడేసరికి తివాచీ కింది దుమ్ము బుస్సుమని లేచింది. ఆయన పదకొండు తుమ్ములు తుమ్మాడు. బాబా చిట్టెమ్మ వైపు ఒక చూపు చూసి, అదంతా మరిపించడానికన్నట్టు గబగబా రైలు మీట నొక్కాడు.

రైలు అందంగానే కదిలింది. మొదటి మలుపులోనే పిండిడ్రైవరు ముందుకు తూలి, మీసంతో సహా అద్దానికి అతుక్కుపోయాడు. తుమ్ములాయన కళ్లు తుడుచుకుని చూసి, "అబూ నవ్వాఫ్, మీ ప్యాసింజరు మూర్ఛపోయాడు" అన్నాడు బాబాతో.

బాబా రైలు ఆపాడు. వంగి చూశాడు. పెట్టె నెత్తి మీది కంత చూశాడు. ఆయన మొహం రైలు రంగుకు తిరిగింది.

"చిట్టెమ్మా!"

ఇక దాచేదేముంది? ఆమె టీ పళ్లెం కింద పెట్టి, తనకొచ్చిన అరబ్బీలో ఉన్నదున్నట్టు చెప్పేసింది. "డ్రైవర్ మాఫీ బాబా, లేనే లేడు. నేనే మిషనుతో లాగేసినా. పాపం అంతమంది జనం డ్రైవరు లేకుండా కూర్చున్నారు, అందుకని ఇంకొకర్ని పెట్టినా."

బాబా ఊపిరి బిగబట్టి, ఒక్కో మాటా విడదీసి అన్నాడు. "ఈ రైలుకు డ్రైవరు ముందు కూర్చోడు. ముందు సీట్లు కొండలు చూసేవాళ్లకు. డ్రైవరు నిచ్చెనెక్కి, పైన గూట్లో కూర్చుంటాడు. ఆ గూడేది?"

రామాంజి చేయి నెమ్మదిగా జేబులోకి వెళ్లింది. "ఏసీ అనుకుంటి బాబా," అని గూడు తీసి అరచేతిలో పెట్టాడు. నల్లద్దం వెనక, తెల్లటి చేతితొడుగులతో, వేరుశనగ గింజంత డ్రైవరు మీట పట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు. జేబులో గేటు దాకా వెళ్లొచ్చినా టోపీ చెదరలేదు.

బాబా ఫోను తీశాడు. ఖురూజే కొడుతున్నాడనుకుంది చిట్టెమ్మ. మూడేళ్లు పరాయి గిన్నెలు తోమింది ఇందుకా అని ఏడుపు తన్నుకొచ్చింది. "బాబా, నీకు దండం పెడతా, ఖురూజ్ వద్దు! కూతురి కాన్పయినాక మళ్లీ వచ్చేటట్టు పంపీ!"

బాబా నొక్కాల్సింది నొక్కి, ఫోను గుమ్మం దగ్గరికొచ్చిన మేడమ్ చేతికిచ్చాడు. మేడమ్ చదివి, కొంగులో నవ్వు దాచుకున్నట్టు అబాయా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎగ్జిట్ రీ-ఎంట్రీ. రెండు నెలలు," అంది. "గూడు జపాన్ వెళ్లి బాగుపడి రావడానికి అంతే పడుతుందట. అప్పటిదాకా నువ్వు ఈ రైలుకు ఎంత దూరంలో ఉంటే అంత మంచిదంటున్నారు. రాయచోటి దూరమేనా?"

"శానా దూరం మేడమ్!" అంది చిట్టెమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

ఆ రెండు నెలలూ మజ్లిస్ దులిపే పని రామాంజికి పడింది. అతని చేతికొక కుంచె ఇచ్చి, కత్తులున్న సొరుగుకు మేడమ్ తాళం వేసుకుంది.